తిరిగొచ్చిన పూర్వీకుడు

మా తమ్ముడు దానయ్య ఇండోనేషియా ప్రజలకు పూర్వీకుడు కావడానికి బయల్దేరిన పొద్దున, అతని సంచి నేనే సర్దాను. రెండు లుంగీలు, ఒక తువ్వాలు, దుప్పటి, అగ్గిపెట్టె, కళ్ళజోడు, రక్తపోటు మాత్రలు, సీసాలో మాగాయ, పది చుట్టలు, తమలపాకులు, వక్కలు, కాగితంలో చుట్టిన ఎండు నెత్తళ్ళ చేపలు. అన్నీ పెట్టాక బయటికి తీసి చూసుకున్నాను. మళ్ళీ పెట్టాను. నాకది అలవాటు. ముప్పై ఏళ్ళ కిందట మా ఆయన చేపల వేటకు వెళ్ళిన రోజున నేను సంచి సర్దలేదు. మధ్యాహ్నానికి వచ్చేస్తానన్నాడు. అప్పటినుంచి మా ఇంట్లోవాళ్ళు పక్క ఊరి సంతకు వెళ్ళినా రెండు రోజుల బట్టలు కట్టి ఇస్తాను. ఊళ్ళో నవ్వుతారు. నవ్వనీ.

సంచి తనిఖీకి, యాత్ర పెట్టిన సంస్థ సూపరింటెండెంటు లోకాభిరామయ్య గారు వచ్చారు. అరుగు మీద చాప వేయించుకుని కూర్చున్నారు.

"నిబంధన నాలుగు ప్రకారం యాత్రికుని వెంట గల వస్తుజాలం యావత్తూ చరిత్రపూర్వ యుగానికి చెందినదై ఉండవలెను," అన్నారు.

లుంగీలు మిల్లు బట్టలని తీసేశారు. అగ్గిపెట్టె తీసేశారు. కళ్ళజోడు తీసి, ఒకసారి పెట్టుకుని చూసి, పక్కన పెట్టారు. మాత్రలు తీశారు.

"బాబూ, ఆ బిళ్ళ ఏసుకోపోతే ఆడికి తల తిరుగుద్ది," అన్నాను.

"పూర్వీకులకు రక్తపోటు ఉన్నట్టు ఆధారాలు లేవమ్మా."

మాగాయ సీసా మూత తీసి వాసన చూశారు. ఆయనకూ నోరూరినట్టే ఉంది. "ఇందులో మిరపపొడి ఉన్నది. మిరప పోర్చుగీసువారి ఓడల్లో వచ్చింది. మన యాత్ర అంతకు మూడువేల అయిదువందల ఏళ్ళ ముందు జరుగుతున్నది. అనుమతించలేము," అని సీసా తన సంచిలో వేసుకున్నారు.

ఆయన చెయ్యి చుట్టల మీదికి పోయేసరికి దానయ్య లేచి నిలబడ్డాడు.

"సుట్టలు కూడానేటి బాబూ? సుట్ట లేపోతే నాను ఇండోనేసియా కాదు, బడ్డీకొట్టు దాకా కూడా ఎల్లలేను."

"పొగాకు కూడా అదే ఓడలో వచ్చింది."

"ఆ ఓడోల్లకి ఇంకేటీ పనిలేదేటి!" అన్నాడు దానయ్య.

తమలపాకులు, వక్కలు మాత్రం ఉంచారు. ఆ దీవుల పాతకాలం మనుషులు కూడా నమిలేవాళ్ళట. చివరికి ఖాళీ సంచి మిగిలింది. దానికి జిప్పు ఉందని అది నా చేతికే తిరిగిచ్చి, ఒక తాటాకు బుట్ట ఇచ్చారు. నేను సర్దిన సంచుల్లో, మనిషి కదలకముందే తిరిగొచ్చింది అదొక్కటే.

ఇదంతా ఎలా మొదలైందో చెప్పాలి. రెండేళ్ళ కిందట మా జిల్లాలో ఒక ఉత్సాహం పుట్టింది. ప్రపంచంలో ఏ జాతివాళ్ళు మన ఊరినుంచి వెళ్ళినవాళ్ళో కనిపెట్టాలి. పై ఊరివాళ్ళు బర్మాను పట్టుకున్నారు. దక్షిణాన ఉన్నవాళ్ళు కంబోడియా తీసుకున్నారు. పక్క మండలంవాళ్ళు ఎవరికీ చెప్పకుండా జపాను రాయించుకున్నారు. మా గవ్వలపేట ఎప్పటిలాగే ఆలస్యం చేసింది. చూసేసరికి ఇండోనేషియా మిగిలింది. వేల దీవులున్న దేశం, చిన్నదేమీ కాదని మమ్మల్ని ఓదార్చారు. తుఫాను షెల్టరులో ఒక గది ఖాళీ చేయించి 'సముద్రాంతర పూర్వీకుల సంస్థ' అని బోర్డు కట్టారు. డైరెక్టరు పరాంకుశం గారు కారులో దిగారు.

నేను మా ఊరి శాఖా గ్రంథాలయం ఊడ్చేదాన్ని. బడికి వెళ్ళలేదు. బల్లలు తుడుస్తూ తుడుస్తూ అక్షరాలు పట్టుకున్నాను. ముప్పై ఏళ్ళలో అక్కడున్న పుస్తకాలు చాలావరకు చదివాను, కొన్ని రెండుసార్లు. బోర్డు చూడగానే నాకొక పుస్తకం గుర్తొచ్చింది. ఇండోనేషియావాళ్ళ పాత సంగతులన్నీ అందులో ఉన్నాయి. లక్షల ఏళ్ళ కిందటి మనిషి పుర్రె జావాలో ఒక ఏటి ఒడ్డున దొరికింది. చాలా కాలం తర్వాత నాలుగు పలకల రాతి బాడిసెలు పట్టుకుని, పందుల్ని కోళ్ళనీ కుక్కల్నీ వెంటేసుకుని, ఒరిగిపోకుండా పక్కదుంగ కట్టిన పడవల్లో కొత్త మనుషులు వచ్చారు. వాళ్ళు చెట్టు బెరడు నలగ్గొట్టి బట్ట చేసుకునేవాళ్ళు. అక్కడివాళ్ళు పెద్దల పేరున పెద్ద పెద్ద రాళ్ళు నిలబెట్టేవాళ్ళు. పుస్తకంలో ఒక పటం ఉంది. పటం నిండా బాణాలు. తైవాను నుంచి ఫిలిప్పీన్సు మీదుగా ఒకటి, చైనా దక్షిణపు కొండల నుంచి నదుల వెంట ఇంకొకటి. కొందరు ఇదంటారు, కొందరు అదంటారు అని కింద రాశారు. మా ఊరి నుంచి బాణం లేదు.

పుస్తకం కొంగులో పెట్టుకుని డైరెక్టరు గారికి చూపించాను.

ఆయన పటాన్ని చాలాసేపు చూశారు. జేబులోంచి పెన్సిలు తీశారు. గవ్వలపేట ఉండాల్సిన చోట చుక్క పెట్టి, అక్కడినుంచి సుమత్రా దాకా ఒక బాణం గీశారు. మిగతా బాణాలకన్నా లావుగా.

"ఇప్పుడున్నది," అన్నారు.

"గ్రంథాలయం పుస్తకం బాబూ అది," అన్నాను.

"అందుకే ప్రామాణికం."

ఇక బాణాన్ని రుజువు చెయ్యాలి. పాతకాలం పనిముట్లతో పాతకాలం పడవ చేసి, మా ఊరి మనిషిని అందులో పంపాలి. నలభై రోజులు రాతి బాడిసెతో చెట్టు తొలిచారు. అంటే ముప్పైతొమ్మిది రోజులు రాయి పదును పెట్టారు, నలభైయోనాడు కరెంటు రంపం తెచ్చి సాయంత్రానికి తొలిచేశారు, ఆ తర్వాత ఫోటోల కోసం రాతితో గీతలు పెట్టారు. పన్నెండుమంది పేర్లిచ్చారు. పడవ నీళ్ళలో పెట్టి చూసిన రోజున పదకొండుమందికి అత్తారి ఊళ్ళలో పనులు తగిలాయి.

దానయ్య మిగిలాడు. వాడి పడవ తుఫానులో పోయి నాలుగేళ్ళు. అప్పటినుంచి పరాయివాళ్ళ పడవల మీద కూలికి వెళ్తున్నాడు. సంస్థ కాగితంలో పదో నిబంధన ఇలా ఉంది: 'యాత్ర నుండి తిరిగి వచ్చిన పిమ్మట పడవ యాత్రికునికి చెందును.' నేనే చదివి వినిపించాను. చదవకుండా ఉండాల్సింది.

"ఒక్క మనిషి నుండి ఒక జాతి ఏ విధంగా సాధ్యం, సార్?" అని లోకాభిరామయ్య గారు అడిగారట.

"ఆ అంశం రెండవ దశలో పరిశీలించబడును," అన్నారట డైరెక్టరు గారు.

బయల్దేరిన రోజు ఒడ్డు జనంతో నిండిపోయింది. దానయ్యకు బెరడు బట్ట కట్టారు. పుస్తకంలో చెప్పిన చెట్టు మా వైపు లేదని జీడిమామిడి బెరడు కొట్టించారు. జీడిమామిడి కూడా ఆ పోర్చుగీసు ఓడలోనే వచ్చిందని నాకు తెలుసు, ఎవరూ అడగలేదు. కట్టిన ఘడియకే నడుం చుట్టూ దద్దుర్లు లేచాయి. ఒక కుక్కను, ఒక పందిపిల్లను, ఒక పెట్టను పడవెక్కించారు. దానయ్య పడవ పక్కన కట్టిన దుంగను కాలితో తన్ని చూశాడు.

"ఇది మన అలలకి ఆగదప్పా," అన్నాడు నాతో మెల్లగా. అక్కను మేము అప్పా అంటాం. "దుంగ వొదిలేసినా పడవ మాత్రం మంచిది. మంచి సెక్క."

వేదిక మీద పరాంకుశం గారు మాట్లాడారు. "మన పూర్వీకులు వెళ్ళారు. వెళ్ళి స్థిరపడ్డారు. వారిలో ఏ ఒక్కరైనా తిరిగి వచ్చినట్టు గవ్వలపేటలో ఎవరికైనా జ్ఞాపకమున్నదా? లేదు. తిరిగి రాకపోవడమే వారు చేరినారనుటకు తిరుగులేని సాక్ష్యం. కావున ఈ యాత్రకు తిరుగు ప్రయాణమనే అంశం లేదు."

అందరూ చప్పట్లు కొట్టారు. నేను జనంలోంచి ముందుకు తోసుకుని వెళ్ళాను.

"మరి పడవ ఎలాగిత్తారు బాబూ? తిరిగొత్తేనే ఇత్తామని రాసినారు కదా."

"అది ప్రోత్సాహక నిబంధన అమ్మా. అమలు నిబంధన కాదు."

దానయ్య నా దగ్గరకొచ్చి "ఎల్లొత్తానప్పా" అన్నాడు. వీడియో తీసేవాణ్ణి లోకాభిరామయ్య గారు ఆపించారు. పూర్వీకుడు వస్తాననరాదు, ఇంకోసారి చెప్పమన్నారు. దానయ్య ఈసారి గట్టిగా, "ఎల్లొత్తాను!" అని అరిచి పడవెక్కాడు.

మొదటి అలకే కుక్క దూకి ఈదుకుంటూ వచ్చేసింది. దాన్ని అక్కడికక్కడే పూర్వీకుల జాబితా నుంచి కొట్టేశారు. రెండో అలకు పందిపిల్ల వచ్చింది. మూడో అలకు పక్కదుంగ ఊడిపోయింది. దానయ్య, పెట్ట మిగిలారు. కాసేపటికి చుక్కంత అయ్యారు. ఆ తర్వాత చుక్క కూడా లేదు.

మూడు రోజులు నేను ఒడ్డునే కూర్చున్నాను. జనం అన్నం తెచ్చి పెట్టారు. మా ఆయన కోసం ఎదురుచూస్తూ నేను కూర్చున్న చోటే, అక్కడి ఇసుక నాకు అలవాటు. మూడోనాడు సంస్థ మైకులో ప్రకటించింది. దానయ్య గారు తిరిగి రాలేదు కాబట్టి ఇండోనేషియా చేరినట్టు ధ్రువీకరించడమైనది. మిఠాయి పంచారు. నా చేతిలో కూడా ఒక లడ్డు పెట్టారు.

నాలుగోనాడు పదిగంటల బస్సులో దానయ్య దిగాడు. ఒడిశా సరిహద్దు దగ్గర ఒడ్డుకు కొట్టుకుపోయాడట. అక్కడి వేటగాళ్ళు లాగి, గంజి పోసి, ఒక లుంగీ ఇచ్చి బస్సెక్కించారు. నోట్లో చుట్ట ఉంది. చంకలో పెట్ట ఉంది.

"కండక్టరు దీనికీ టిక్కెట్టు కొట్టినాడప్పా," అన్నాడు. నేను వాణ్ణి కొట్టాను, ఏడ్చాను, మళ్ళీ కొట్టాను.

"పడవ పాడవనేదు. ఆల్ల ఒడ్డున ఎట్టినాను. లారీలో తెచ్చుకోవాల. పద, ఆపీసుకెల్లి సెప్పొద్దాం."

షెల్టరులో లోకాభిరామయ్య గారు రిజిస్టరు రాసుకుంటున్నారు. తలెత్తి చూశారు.

"ఎవరు మీరు?"

"నానే బాబూ, దానయ్యని."

"దానయ్య గారు ఇండోనేషియాలో ఉన్నారు."

"నాను బాబూ. వొచ్చీసినాను."

"పూర్వీకుడు తిరిగి రాడు. తిరిగి వచ్చినవాడు పూర్వీకుడు కాడు. మీరు పూర్వీకులు కాకపోతే దానయ్య గారు కారు. దానయ్య గారు కాకపోతే ఎవరు మీరు?"

దానయ్య నా వంక చూశాడు. "నానెవున్నప్పా?"

"సూరాడ దానయ్య! నా తోడబుట్టినోడు! ఈణ్ణి ఎత్తుకుని పెంచినాను!" అని అరిచాను.

లోపలినుంచి డైరెక్టరు గారు వచ్చారు. ఆయనకు కోపం రాలేదు, చాలా ఓర్పుగా చెప్పారు. ధ్రువీకరణ పత్రం పైకి వెళ్ళిపోయింది. పై నుంచి అభినందనలు కూడా వచ్చేశాయి. వచ్చిన అభినందనలను వెనక్కి పంపే పద్ధతి ఏ నిబంధనావళిలోనూ లేదు.

"పోనీ ఈ కోడైనా వొచ్చినట్టు రాయండి," అన్నాడు దానయ్య. కోడి గురించి చర్చ జరిగింది. సాయంత్రం దాకా తేలలేదు.

ఆ నెలలోనే రేషను కార్డులోంచి పేరు తీసేశారు. చిరునామా దగ్గర 'జావా లేదా పరిసర ద్వీపములు' అని పడింది. వయసు దగ్గర నాలుగువేల ఏళ్ళు. వేటకు రాయించుకునే కార్డు కూడా రద్దయింది. కూలికి పెట్టుకునే పడవలవాళ్ళు, కాగితం లేని మనిషిని ఎక్కిస్తే తమమీదికి వస్తుందని ఎక్కించుకోవడం మానేశారు. ఒడ్డున క్రేనుతో పెద్ద రాయి నిలబెట్టి దాని మీద చెక్కించారు: 'దానయ్య, క్రీ.పూ. 2000.' ఆవిష్కరణకు దానయ్య కూడా వెళ్ళాడు. తాడు అవతల నిలబడమన్నారు. బడి పిల్లలు బస్సుల్లో వచ్చి, అరుగు మీద వల అల్లుకుంటున్న మా తమ్ముణ్ణి అడిగేవాళ్ళు.

"తాతా, దానయ్య రాయి ఎటు?"

"నేరుగా ఎల్లి ఎడమకి తిరగండి," అని చెప్పేవాడు.

పడవను సంస్థవాళ్ళే లారీలో తెప్పించి, ఊడిపోయిన దుంగ స్థానంలో కొత్త దుంగ కట్టి, షెల్టరు కింద తాళ్ళు చుట్టి ప్రదర్శనకు పెట్టారు. దానయ్య రోజూ వెళ్ళి దాన్ని చూసి వచ్చేవాడు. ఎండకు చెక్క పగులుతోందని నూనె రాయబోతే కాపలావాడు తరిమాడు.

జూన్‌లో ఇండోనేషియా నుంచి ఒకావిడ వచ్చింది. సులస్త్రి అని పేరు. అక్కడేదో మ్యూజియంలో పనిచేస్తుందట. నా ఈడే ఉంటుంది. పూర్వీకుడి ఊరు చూడ్డానికని పిలిపించారు. దండలు వేశారు, రాయి చూపించారు. ఆవిడ రాయి మీద తేదీ చూసి దగ్గింది. తర్వాత పూర్వీకుడి ఇల్లు చూపించాలని మా ఇంటికి తీసుకొచ్చారు.

నేను తమలపాకుల పళ్ళెం పెట్టాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. "సిరిహ్," అంది ఆకు చూపించి. నా పక్కన కింద కూర్చుని, ఈనె తీసి, సున్నం రాసి, మా అమ్మ మడిచినట్టే మడిచింది. నాలుగువేల ఏళ్ళ సంగతి నాకు తెలియదు గానీ ఆ ఆకు మడత చూస్తే నాకూ ఏదో అనిపించింది.

ఆవిడ డైరెక్టరు గారితో ఇంగ్లీషులో ఏదో చెప్పడం మొదలుపెట్టింది. చెప్తూ చెప్తూ సున్నం వేలితో మా గచ్చు మీద గీసింది. పైనుంచి ఒక బాణం, పక్కనుంచి ఒకటి, మధ్యలో ముందునుంచీ ఉన్నవాళ్ళకు చుక్కలు. ఆ తర్వాత బాణాలన్నీ చుక్కలన్నీ అరచేత్తో కలిపేసి, ఇదీ మేము అన్నట్టు తన గుండె మీద చెయ్యి వేసుకుంది. అచ్చం నా పుస్తకంలో పటమే. మా వైపు నుంచి ఏమీ గియ్యలేదు.

"ఏటంతన్నారు?" అని అడిగాను.

"గవ్వలపేటకు కృతజ్ఞత తెలుపుతున్నారు," అన్నారు డైరెక్టరు గారు, బూటుతో సున్నం తుడిచేస్తూ.

అప్పుడు దానయ్య పెరట్లోంచి వచ్చాడు. ఆవిడ వాణ్ణి చూసింది. గోడ మీద సంస్థవాళ్ళు అంటించిన, దానయ్య ఫోటో ఉన్న పోస్టరు చూసింది. మళ్ళీ వాణ్ణి చూసి, పోస్టరు వైపు వేలు పెట్టి ఏదో అడిగింది.

పరాంకుశం గారు ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడ్డారు. "డిసెండెంట్," అన్నారు. "వారి వంశీకుడు. అదే పోలిక."

లోకాభిరామయ్య గారు వెంటనే రాసుకున్నారు. విదేశీ అతిథుల ముందు డైరెక్టరు గారి నోటి నుంచి వచ్చిన ప్రతి మాటనూ రాసుకోవాలని నిబంధన. ఒకసారి రాసింది కొట్టెయ్యకూడదని ఇంకొకటి.

నెల తర్వాత నోటీసు వచ్చింది. నేనే చదివాను. 'దానయ్య గారి వంశీకులు ఇండోనేషియా ప్రజలని సంస్థ నిర్ధారించి యున్నది. తాము దానయ్య గారి వంశీకులు. కావున తాము ఇండోనేషియా దేశస్థులు. తగు అనుమతి పత్రములు లేకుండా గవ్వలపేటలో తమ మేనత్త వరుస అగు ఎర్రమ్మ ఇంట నివసించుచున్నందున, ఇరవై దినములలోగా తమ దేశమునకు తరలి వెళ్ళవలెను.'

ఆ విధంగా నేను ఒక దేశం మొత్తానికి మేనత్తనయ్యాను.

ఈసారి లోకాభిరామయ్య గారే ఇంటికి వచ్చారు. పాపం, మొహం బాగాలేదు. చాప మీద కూర్చోకుండా నిలబడే మాట్లాడారు.

"మా వల్ల జరిగిన చిక్కే ఎర్రమ్మా. దీన్ని సరిచెయ్యడానికి ఒక మార్గం చూశాను. వంశీకుడు స్వదేశానికి వెళ్ళడానికి సంప్రదాయ వాహనం ఇవ్వవచ్చునని నిబంధన ఉంది. అంటే ఆ పడవే. దానయ్య ఒడ్డుకు కనపడనంత దూరం వెళ్తే చాలు. నేను ఫోటో తీసి 'వెళ్ళినాడు' అని రాసి నోటీసు మూసేస్తాను. అవతలి రేవులో ఒడ్డెక్కితే, ఎవరో కొత్త మనిషి వచ్చాడని మళ్ళీ కార్డు రాయిస్తాను. నేను బాధ్యుణ్ణి."

"పడవ?" అన్నాడు దానయ్య.

"ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకునే నిబంధన లేదు. నీదే."

దానయ్య మొహం నేను నాలుగేళ్ళుగా చూడని మొహమైంది. ఆ సాయంత్రమే వెళ్ళి పడవకు నూనె పట్టించాడు. పక్కదుంగ కోసేస్తానంటే సంస్థవాళ్ళు కోయనివ్వలేదు. దుంగ లేకపోతే సంప్రదాయం కాదట.

వెళ్ళే పొద్దున గాలి దక్షిణం నుంచి విసురుగా ఉంది. నేను సంచి దింపి లుంగీ మడతపెడుతున్నాను. దానయ్య నవ్వాడు.

"సంచెందుకప్పా? మజ్జాన్నానికి వొచ్చీత్తాను. ఆ రేవు నుంచి నడిసొత్తే గంట."

"బిళ్ళలైనా అట్టుకెల్లరా."

"వొచ్చి ఏసుకుంటాను. పులుసెట్టు. నెత్తల్ల పులుసు."

చుట్టలు మాత్రం లుంగీ మడతలో దోపుకున్నాడు. ఈసారి ఎవరూ తనిఖీ చెయ్యలేదు. నేను సంచి మళ్ళీ కొక్కేనికి తగిలించాను. పులుసు పెట్టాలి కదా అని లోపలికి వెళ్ళాను.

మూడోరోజున ఆఫీసుకు వెళ్ళాను. అవతలి రేవు, దాని అవతలి రేవు, ఒడిశా సరిహద్దు దాకా అన్నీ అడిగి వచ్చాక. నన్ను చూడగానే లోకాభిరామయ్య గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. డైరెక్టరు గారు మాత్రం లోపలినుంచి పిలిచి, యాత్ర రెండవ దశ కూడా సంపూర్ణమైనట్టే కదా, పైకి రాయమన్నారు.

"తప్పిపోయినాడని రాయండి బాబూ," అన్నాను. "పోలీసోలు ఆ కాయితం ఉంటేనే ఎతుకుతామంతన్నారు."

లోకాభిరామయ్య గారు రిజిస్టరు తెరిచారు. దానయ్య పేరు దగ్గర, వెళ్ళినాడు, చేరినాడు అని ఫిబ్రవరిలో ఒకసారి ఉంది. వెళ్ళినాడు అని మొన్న ఒకసారి ఉంది. తప్పిపోయినాడు అని రాయడానికి ఆ పుస్తకంలో గడి లేదు. ఆయన గడి కోసం వెనక పేజీలు, ముందు పేజీలు చాలాసేపు తిప్పారు. తర్వాత కలం మూసి, మాగాయ సీసా తీసి నా ముందు పెట్టారు. ఆరు నెలల నాటిది. ఒక్క ముక్క కూడా తగ్గలేదు.

పెట్ట ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. రాయి ఒడ్డున ఉంది. గ్రంథాలయం పుస్తకంలో పెన్సిలు బాణాన్ని రబ్బరుతో చెరిపాను, గీత కాస్త మిగిలింది. వాళ్ళ రిజిస్టరులో చోటు లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

సూరాడ దానయ్య, వయసు యాభైతొమ్మిది, గవ్వలపేట. 2019 ఆగస్టు 12, సోమవారం, ఉదయం ఆరున్నరకు పడవ మీద వెళ్ళాడు. తిరిగి రాలేదు.